పెళ్ళి అన్నం కుక్కకు పడుతుంది, ఆవుకు పడదు. తేడా ఎక్కడ?

చంద్రగిరి_పాడి:

అందరికీ నమస్కారం. ముహూర్తాల రోజుల్లో తిరుపతి మండపాల్లో మిగిలిన అన్నం, పులిహోర, బూందీ డ్రమ్ములకెత్తి తెచ్చి పశువులకు పోసే అలవాటు మా వైపు బాగా ఉంది. అదే అన్నం వీధికుక్క కడుపు నిండా తిని నిక్షేపంగా తిరుగుతుంది. ఆవు తింటే మాత్రం ఒక్కోసారి తెల్లారేసరికి లేవదు. ఎండుగడ్డినే అరాయించుకునే జంతువుకు మెత్తటి అన్నం ఎందుకు అరగదు?

ఇంకో రెండు సందేహాలు. బీడుకు తోలిన ఆవు ఎముక కనబడితే వదలకుండా నములుతుంది. అంటే ఆవు కూడా కొంత మాంసాహారేనా? మాంసం వండని ఇళ్ళలో పిల్లికి పెరుగన్నమే పెడుతుంటారు, అది చాలుతుందా?

"శాకాహారికి చదును పళ్ళు, మాంసాహారికి కోరలు" అని బడి పుస్తకంలో చదివిందే. అంతకు మించి, లెక్కలతో చెప్పగలవాళ్ళు చెప్పండి.

పశువైద్యం_తిరుపతి:

మీ మొదటి ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా రెండూ సగం తేలిపోతాయి. కుక్క తిన్నది నేరుగా కుక్కకే పోతుంది. ఆవు తిన్నది ముందు దాని పెద్ద పొట్టలో కాపురమున్న సూక్ష్మజీవులకు పోతుంది. అవి తిని వదిలినదాన్నీ, ఆ తర్వాత వాటినీ ఆవు అరాయించుకుంటుంది. గడ్డిలోని సెల్యులోజును విరగ్గొట్టే ఎంజైము ఆవు ఒంట్లో తయారవదు. పులికీ లేదు, మనకూ లేదు. ఆవుకు ఆ పని చేసిపెట్టే కూలీలు ఉన్నారు, అంతే.

మటన్ కొట్టులో బోటీ చూసినవాళ్ళకు ఈ పొట్ట కొత్తేమీ కాదు. తువ్వాలులా నూగు ఉన్న పెద్ద ముక్క రూమెన్. తేనెపట్టులా గళ్ళున్నది రెటిక్యులం. పుస్తకం పేజీల్లా పొరలున్నది ఒమేసం. నున్నగా జిగురుగా ఉండేది నాలుగోది, అబోమేసం. కుక్క కడుపులో ఊరినట్టు ఆమ్లం ఊరేది ఆ నాలుగోదాంట్లోనే. పెద్ద ఆవులో రూమెన్ ఒక్కటే 100 నుంచి 150 లీటర్లు పడుతుంది. లోపల దాదాపు 39 డిగ్రీల వేడి, ఆక్సిజన్ దాదాపు సున్నా, పీహెచ్ (పులుపు కొలత, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6 నుంచి 7 మధ్య. ఆ వాతావరణంలో గడ్డి పులిసి అసిటిక్, ప్రొపియోనిక్, బ్యూటిరిక్ ఆమ్లాలు తయారవుతాయి. అవి రూమెన్ గోడ గుండానే రక్తంలోకి పోతాయి. ఆవుకు కావలసిన శక్తిలో 60-70 శాతం వాటి నుంచే వస్తుంది. పాలలోని వెన్నలో మంచి భాగం అసిటిక్ ఆమ్లం చలవే. గడ్డి తగ్గించి దాణా పెంచినప్పుడు పాల కేంద్రంలో వెన్న శాతం పడిపోవడానికి ఒక కారణం అదే.

ఇక అన్నం సంగతి. ఎండుగడ్డి నిదానంగా పులుస్తుంది. ఉడికిన బియ్యపు పిండి గంటల్లో పులిసిపోతుంది. పిండి ఒక్కసారిగా వచ్చి పడితే లాక్టిక్ ఆమ్లం పుట్టించే బాక్టీరియా విపరీతంగా పెరిగి పీహెచ్‌ను 5.5 కిందికి, ఇంకా ముదిరితే 5 కిందికి లాగేస్తుంది. గడ్డిని అరిగించే బాక్టీరియా, ప్రోటోజోవా ఆ పులుపులో చచ్చిపోతాయి. ఒంట్లోని నీరు రూమెన్‌లోకి చేరిపోతుంది, కళ్ళు గుంటలు పడతాయి, ఆమ్లం రక్తంలో కలుస్తుంది.

రెండో దెబ్బ లాలాజలం వైపు నుంచి తగులుతుంది. ఆవు రోజుకు 100 లీటర్ల పైనే లాలాజలం మింగుతుంది. అందులో బైకార్బనేటు ఉంటుంది, అంటే మన తినే సోడా. కానీ నమిలితేనే, నెమరేస్తేనే అది ఊరుతుంది. గడ్డి తిన్న ఆవు రోజులో 7-8 గంటలు నెమరేస్తుంది. అన్నానికి నమలాల్సిన పనే లేదు. ఆమ్లం పెరిగే రోజునే విరుగుడు ఆగిపోతుందన్నమాట.

కుక్క కడుపు మొదటి నుంచే పీహెచ్ 1-2లో ఉంటుంది, దానికి పులుపు కొత్త కాదు. అన్నంలోని పిండిని చిన్నపేగులో అమైలేజ్ విరగ్గొట్టి చక్కెరగా మారుస్తుంది. మనుషుల ఎంగిలి తిని బతికిన వేల ఏళ్ళలో కుక్కకు అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేలుకన్నా పెరిగాయి.

అన్నం ఎక్కువ తిన్న ఆవు ముందు నెమరు ఆపేస్తుంది. ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి చూస్తే మామూలుగా రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు అల లేవాలి. అది ఉండదు. డొక్కలో నీళ్ళు కదిలినట్టు చప్పుడు, పుల్లటి వాసనతో పలచటి పేడ, తూలుతూ నడవడం, తర్వాత కూలబడటం. ఇదంతా 12 నుంచి 36 గంటల్లో జరిగిపోతుంది. ఆవు ఇంకా నిలబడి ఉన్నప్పుడే 400 కిలోల పశువుకు 100-150 గ్రాముల తినే సోడా రెండు లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో కలిపి పట్టండి. అన్నం, దాణా, బెల్లం అన్నీ ఆపి ఎండుగడ్డి మాత్రం ముందుంచండి. గొర్రెకు, మేకకు 10-15 గ్రాములు చాలు. కూలబడిన పశువుకు నోట్లో ఏదీ పోయొద్దు, పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి. సెలైన్, నరంలోకి బైకార్బనేటు, బి1 ఇంజెక్షన్లు, మరీ ముదిరితే డొక్క కోసి రూమెన్ ఖాళీ చేయడం, ఆరోగ్యంగా ఉన్న పశువు రూమెన్ నీళ్ళు ఎక్కించడం డాక్టరు పని. బతికి బయటపడినా కొన్ని వారాలకు గిట్టలు నొప్పెట్టి కుంటడం ఉంటుంది, దాన్ని వేరే జబ్బు అనుకోకండి.

అన్నం పెట్టక తప్పదంటే పెద్ద ఆవుకు కిలో లోపు, కడుపు నిండా గడ్డి తిన్న తర్వాత. పుణ్యం పేరుతో బకెట్ నింపి పోస్తే అది మేపడం అనిపించుకోదు.

పలమనేరు_మేత:

డాక్టరు గారు చెప్పినదానికి మన వైపు సరుకుతో లెక్క కడతాను. పశువు రోజుకు తన బరువులో 2.5 నుంచి 3 శాతం పొడి పదార్థం తినాలి. పొడి పదార్థం అంటే నీరు తీసేసిన బరువు. 400 కిలోల జెర్సీ సంకరం 10 లీటర్లు ఇస్తోందనుకోండి. కో-4 లాంటి నేపియర్ పచ్చిగడ్డి 25 కిలోలు (అందులో పొడి 5 కిలోలు), వరిగడ్డి 3 కిలోలు, దాణా 5 కిలోలు. మొత్తం పొడి 12 కిలోలు. దాణా ఆవు ఒంటి పోషణకు కిలో, ఆపైన ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో. 5 కిలోలూ ఒకేసారి గాడిలో పోయకుండా కనీసం రెండు పూటలకు పంచండి, మూడయితే మరీ మేలు. మినరల్ మిక్చర్ 50 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. 150 కిలోల పుంగనూరు ఆవుకు ఇదే లెక్కన నాలుగు, నాలుగున్నర కిలోల పొడి పదార్థంతో సరిపోతుంది. పెద్ద ఆవు దాణా కొలత దానికి పెట్టినవాళ్ళు దాని కడుపు చెడగొడతారు.

ఉప్పు ఎందుకంటే గడ్డిలో సోడియం బాగా తక్కువ. మాంసం తినేదానికి రక్తంలోనే ఉప్పు దొరుకుతుంది. పులి ఉప్పురాయి నాకాల్సిన అవసరం రాదు, ఆవుకు వస్తుంది.

చిత్తూరు వైపు ఎక్కువ తేడా చేసేవి రెండు. ఒకటి, జూన్, జూలైల్లో గుజ్జు ఫ్యాక్టరీల నుంచి వచ్చే తోతాపురి మామిడి తొక్క. చవగ్గా వస్తుందని ట్రాక్టరు దింపించుకుంటారు. అందులో చక్కెర ఎక్కువ, ప్రొటీన్ తక్కువ. అన్నం చేసే పనే ఇదీ చేస్తుంది, పైగా రెండో రోజుకే పులిసి బూజు పడుతుంది. తాజాది, 4-5 కిలోలతో మొదలుపెట్టి, గడ్డి తర్వాత వేయండి. రెండోది, ధర పడిపోయినప్పుడు మదనపల్లె వైపు పారబోసే టమాటా. అందులో 94-95 శాతం నీళ్ళే. 20 కిలోలు తిన్నా పొడి లెక్కలో కిలో పైచిలుకు దక్కుతుంది. డొక్క నిండినట్టు కనబడుతుంది, పాలు మాత్రం తగ్గుతాయి.

చెనక్కాయ కట్టె వరిగడ్డికన్నా ఎంతో మేలు. వరిగడ్డిలో ప్రొటీన్ 3-4 శాతం, కట్టెలో 8 పైన. కానీ తడిసి నల్లబడిన కట్టె, బూజు పట్టిన చెనక్కాయ చెక్క ముట్టొద్దు. అఫ్లటాక్సిన్, అంటే ఆ బూజు విషం, పాలలోకి దిగుతుంది. చెరుకు ఆకు వేసేటట్టయితే ఒక పూట వాడనిచ్చి వేయండి. నీళ్ళు లేక గిడసబారిన లేత జొన్న, కంకి వేయకముందు, అసలు వద్దు. అందులో సైనైడ్ పుట్టే పదార్థం ఉంటుంది, నిమిషాల్లో ప్రాణం పోతుంది.

ఆవుకూ కుక్కకూ తేడా చూపించడానికి యూరియాను మించిన ఉదాహరణ లేదు. కుక్కకు యూరియా పనికిరాని చెత్త, మూత్రంలో పారేస్తుంది. ఆవు రూమెన్‌లో బాక్టీరియా దాన్నే పట్టుకుని ప్రొటీన్‌గా మార్చుకుంటుంది, ఆ బాక్టీరియా అబోమేసంలోకి దిగినప్పుడు ఆవు దాన్ని అరాయించుకుంటుంది. అందుకే 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్ళలో కరిగించి, పొర పొరకూ చల్లి తొక్కి, గాలి దూరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు ఉంచితే గడ్డి మెత్తబడుతుంది, ప్రొటీన్ రెట్టింపు దాకా పెరుగుతుంది. తీసిన తర్వాత అమ్మోనియా ఘాటు పోయేదాకా ఆరబెట్టాలి. ఆరు నెలల లోపు దూడకు పెట్టకూడదు, దాని రూమెన్ ఇంకా ఆ పనికి సిద్ధం కాదు. యూరియా నీళ్ళు కుడితిలో కలిపితే మాత్రం అది విషమే.

ఏ కొత్త మేతనైనా 10 నుంచి 14 రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. ఆ కొత్త మేతకు తగిన సూక్ష్మజీవులు పెరగడానికి పట్టే కాలం అది.

జీవాల_మంద:

పైన అందరూ ఆవు దగ్గరే ఆగారు. మేసేవన్నీ ఒకటి కాదు. ఆవు నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది, కాబట్టి కాస్త ఎత్తున్న గడ్డి కావాలి. గొర్రెకు చీలిన పై పెదవి ఉంది, నేలకు ఆనించి కొరుకుతుంది. మేక ముందుకాళ్ళు ఎత్తి నిలబడి తుమ్మ, రేగు, అవిశ ఆకు ఏరుకుని తింటుంది. ఆకుల్లోని వగరును, అంటే టానిన్లను, గొర్రెకన్నా మేక బాగా ఓర్చుకుంటుంది. కడుపు పురుగుల పిల్లలు గడ్డి కింది రెండు అంగుళాల్లోనే ఎక్కువ ఉంటాయి. చెట్టు ఆకు మీద బతకడానికి అలవాటుపడ్డ మేకను గొర్రెల వెంట పొట్టి గడ్డి మీదికి తోలితే దానికే ముందు కడుపు పురుగులు పడతాయి.

సుబాబుల్ ఆకు మేతలో మూడో వంతు దాటనీయకండి. అందులో మైమోసిన్ అనే విషం ఉంటుంది, వెంట్రుకలు ఊడతాయి, గొంతు దగ్గర గ్రంథి వాస్తుంది. దీని వెనుక మంచి సంగతి ఒకటుంది. హవాయిలో మేకలు సుబాబుల్ తిన్నా వాటికి ఏమీ కాకపోవడం చూసి, వాటి రూమెన్ నీళ్ళు 1980ల్లో ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. ఆ విషాన్ని విరిచే బాక్టీరియా అందులో ఉంది, వాటికీ సుబాబుల్ పడింది. డాక్టరు గారు కూలీలన్నారే, కూలీలు మారితే తిండి మారిందన్నమాట.

పలమనేరు అన్నా, మినరల్ మిక్చర్ గురించి ఒక సవరణ. ఆవుల మిక్చర్ గొర్రెలకు వేయకూడదు. అందులోని రాగి గొర్రె కాలేయంలో పేరుకుని, ఎర్ర మూత్రంతో ఒక్కసారిగా చంపేస్తుంది. గొర్రెలదని రాసి ఉన్నదే కొనాలి.

పళ్ళ విషయంలో బడి పుస్తకం తప్పు చెప్పలేదు, సగం చెప్పింది. ఆవుకు, గొర్రెకు, మేకకు పై దవడలో ముందు పళ్ళు ఉండవు, గట్టి చిగురు పలక ఉంటుంది. కింద ఎనిమిది. మొత్తం 32. దవడ పక్కలకు తిరుగుతుంది, తిరగలిలాగా. కుక్కకు 42, పిల్లికి 30. వాటి దవడ పైకీ కిందికీ తప్ప పక్కలకు పెద్దగా కదలదు. కోరలకన్నా ముఖ్యమైనవి బుగ్గల్లో ఉండే కత్తెర పళ్ళు. పిల్లి ఎముక పట్టినప్పుడు తల పక్కకు వాల్చేది ఆ పళ్ళ కిందికి తెచ్చుకోవడానికే.

పేగు పొడవు కూడా చూడండి. గొర్రె, మేక పేగు ఒంటి పొడవుకు పాతిక రెట్లు, ఆవుది ఇరవై రెట్లు, కుక్కది ఐదారు, పిల్లిది నాలుగు.

పశువైద్యం_తిరుపతి:

రాగి మాట నిజం, గొర్రెలవాళ్ళు గుర్తు పెట్టుకోవాలి.

ఎముక నమలడం మాంసం మీద యావ కాదు, భాస్వరం లోటు. ఎండుగడ్డి, బీడు గడ్డి మీదే బతికే పశువు, ముఖ్యంగా ఈనినది, పాలలో భాస్వరం పోగొట్టుకుని ఎముక, మట్టి, పాత గుడ్డ, చెప్పు ఏది దొరికితే అది నములుతుంది. ఈనిన ఎనుములో ఇదే లోటు ఎర్ర మూత్రంగా బయటపడుతుంది. ఎముక వెంట కుళ్ళిన మాంసం అంటుకుని ఉంటే బొటులిజం విషం ఒంట్లోకి పోతుంది. వెనక కాళ్ళు, తర్వాత నాలుక పడిపోతాయి, చికిత్సకు లొంగదు. దక్షిణాఫ్రికాలో పశువుల చావులకు ఇదే కారణమని, భాస్వరం ఇస్తే ఆగుతుందని గత శతాబ్దం మొదటి భాగంలోనే తేల్చారు. 50 గ్రాముల మినరల్ మిక్చర్ రోజూ, తౌడు కిలో, ఇదే మందు. తౌడులో భాస్వరం ఫైటేట్ రూపంలో చిక్కుపడి ఉంటుంది. కోడికీ కుక్కకూ అది సరిగా అందదు, ఆవుకు రూమెన్ బాక్టీరియా విడిపించి ఇస్తుంది.

ఆవుకు మాంసపు పొడి పెట్టి చూసిన దేశం ఉంది. బ్రిటన్‌లో 1986లో పిచ్చి ఆవు జబ్బు బయటపడింది, పశువుల మాంసం, ఎముకల పొడి కలిపిన దాణాయే కారణమని 1988లో నిషేధించారు.

ఇంకో తేడా చెప్పకపోతే తిరుపతి వీధి ఆవులకు అన్యాయం చేసినట్టే. కుక్క పడనిది తింటే కక్కేస్తుంది. ఆవు కక్కలేదు. పైగా పెదవులతో ఏరుకోకుండా నాలుకతో లాగి, సగం నమిలి మింగేస్తుంది. మేకు, తీగ ముక్క పడితే రెటిక్యులంలో ఆగుతుంది. దాని ముందు గోడకూ గుండెకూ మధ్య ఉన్నది పలచటి పొర. గుచ్చుకుంటే గుండె చుట్టూ చీము. మెడ కింద వాపు, మోచేతులు బయటికి పెట్టి నిలబడటం, దిగుడు దిగనని మొరాయించడం గుర్తులు. ప్లాస్టిక్ కవరు రూమెన్‌లోనే ఉండిపోతుంది, మిల్లీమీటర్ల సైజుకు నలిగినవే ముందుకు జారతాయి కాబట్టి. అరటి తొక్కలు ముడివేసిన కవరుతో విసరకండి.

పిల్లి_పెరుగన్నం:

మూడో ప్రశ్నకు: చాలదు. కుక్క మాంసాహారి జాతే అయినా అన్నీ తిని సర్దుకోగలదు. పిల్లి సర్దుకోలేదు. టారిన్ అనే పదార్థం కుక్క ఒంట్లో చాలావరకు తయారవుతుంది, పిల్లికి తిండిలోనే రావాలి. అది లేకపోతే నెలల్లో చూపు మందగిస్తుంది, గుండె కండరం పలచబడి సాగుతుంది. గడ్డిలో, అన్నంలో టారిన్ లేదు. ఆవు క్యారెట్ రంగును, అంటే కెరోటిన్‌ను, విటమిన్ ఎ చేసుకుంటుంది, పిల్లికి అదీ చేతకాదు. తీపి రుచి తెలిపే జన్యువే దానికి పని చేయదు. మీ పాయసం వాసన చూసి వచ్చిందంటే అది పాల కొవ్వు కోసం.

నాలుగు కిలోల పిల్లికి రోజుకు 150 గ్రాముల దాకా కోడి మాంసం, అందులో గుండె, ముదురు రంగు తొడ మాంసం ఉండాలి. ఉడికించిన నీళ్ళు పారబోస్తే టారిన్ ఆ నీళ్ళతోనే పోతుంది, కాబట్టి అవీ పోయండి. వట్టి మాంసంలో కాల్షియం బాగా తక్కువ, అడవిలో పిల్లి ఎలుకను ఎముకలతో తింటుంది. అర కిలో మాంసానికి ఒక టీస్పూను గుడ్డు పెంకు పొడి కలపండి. వండిన ఎముకలు వద్దు, చీలి గుచ్చుకుంటాయి. మాంసం ఇంట్లోకి రానివ్వని వాళ్ళు పిల్లుల కోసమే చేసిన డబ్బా తిండి, టారిన్ అని రాసి ఉన్నది కొనండి. కుక్కల తిండి పిల్లికి సరిపోదు.

కుక్క పెరుగన్నం లెక్క కూడా చూద్దాం. పది కిలోల కుక్కకు రోజుకు దాదాపు 25 గ్రాముల ప్రొటీన్ కావాలి. 300 గ్రాముల అన్నం, 150 గ్రాముల పెరుగు కలిపితే 13 గ్రాములు. రెండు గుడ్లు వేస్తే లెక్క సరిపోతుంది. పులిహోర కుక్కకు పడుతుందన్నారు గానీ సాంబారు, ఉల్లిపాయ కూర కలిసినవి వద్దు. ఉల్లి, వెల్లుల్లి కుక్కలో, పిల్లిలో ఎర్ర రక్తకణాలు పగలగొడతాయి.

శేషాచలం_దారి:

తిరుమల ఘాట్ రోడ్డు పక్కన దుప్పులకు చిప్స్, బన్ను విసిరేవాళ్ళు ఈ చర్చ చదవాలి. దుప్పీ నెమరువేసేదే, పెళ్ళి అన్నం ఆవుకు ఏం చేస్తుందో బన్ను దానికి అదే చేస్తుంది. పైగా అవి దారి పక్కకు అలవాటుపడితే వాటి వెనకే చిరుత వస్తుంది.

చిరుత ఒక దుప్పిని కొడితే రెండు మూడు రోజులు తింటుంది, తర్వాత కొన్ని రోజులు పస్తున్నా తట్టుకుంటుంది. మన జూల్లో పులులకు వారానికో రోజు పస్తు పెట్టేది అందుకే. ఆవును ఒక రోజు పస్తు పెడితే రూమెన్ నీరసిస్తుంది.

చిత్తూరు జిల్లా కౌండిన్య అడవి ఏనుగు మేసేదే గానీ నెమరు వేయదు. గుర్రంలాగా పెద్దపేగులో పులియబెడుతుంది. రోజుకు 150 కిలోల దాకా తిని సగం కూడా అరాయించుకోదు, లద్దెలో పుల్లలు పుల్లలుగానే కనబడతాయి. దాని పక్కన ఆవు పేడ చూడండి, పీచు ఎంత సన్నగా నలిగి ఉంటుందో.

చంద్రగిరి_పాడి:

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారూ, సోడా నీళ్ళు పట్టేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. అలాగే దూడకు గడ్డి ఎప్పటి నుంచి?

పశువైద్యం_తిరుపతి:

గాజు సీసా వద్దు, పొడుగు మెడ ప్లాస్టిక్ సీసా తీసుకోండి. తల వెన్ను మట్టానికి మించి ఎత్తొద్దు, నాలుక పట్టి లాగొద్దు. నోటి మూలలోంచి బుగ్గలోకి గుక్కెడు గుక్కెడుగా పోసి, మింగిందని చూశాక ఇంకో గుక్క. దగ్గితే వెంటనే ఆపి తల కిందికి వదలండి.

దూడ పుట్టిన రోజున ఆవులా ఉండదు. అప్పుడు దాని అబోమేసమే అన్నిటికన్నా పెద్దది, రూమెన్ ముడుచుకుని ఉంటుంది. పాలు తాగేటప్పుడు గొంతు నుంచి ఒక గాడి మూసుకుని పాలను నేరుగా నాలుగో అరలోకి దింపుతుంది. అంటే ఆ కొన్ని వారాలు అది కుక్కపిల్లలాగే అరాయించుకుంటుంది. మొదటి గంటలో జున్నుపాలు, తొలి రోజు మొత్తం దాని బరువులో పదో వంతు, 25 కిలోల దూడకు రెండున్నర లీటర్లు. రెండో వారం నుంచి గుప్పెడు దూడ దాణా, లేత ఎండుగడ్డి, పక్కనే నీళ్ళు ఉంచండి. తినకపోయినా రోజూ మార్చండి. మూడు నెలలకు రూమెన్ పనిలో పడుతుంది. నీళ్ళు మాత్రం పాలలో కలపకుండా విడిగా పెట్టాలి, పాల గాడి గుండా పోయిన నీళ్ళు రూమెన్‌కు చేరవు.